సన్యాసిరావు గారు ప్రైవేటు నొక్కిన రోజు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో, ఒక కుట్టుమిషనుకీ తలుపు లేని ఫ్రిజ్‌కీ మధ్య ఖాళీగా కూర్చున్నాను కాబట్టి నా కథ చెప్పుకునే తీరిక దొరికింది.

నేను పుట్టింది విశాఖపట్నంలో, డాబా గార్డెన్స్ సందులోని ఒక చిన్న షాపులో. డబ్బా ఒకచోటి నుంచి, ఫ్యాను ఇంకోచోటి నుంచి తెచ్చి బిగించారు. మొదట నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్షా ఫలితాల రోజున పాసైనవాళ్లు తమని తాము మెచ్చుకునేవారు, తప్పినవాళ్లు నన్ను తిట్టేవారు. తర్వాత ఫోటో స్టూడియోలో ఐదేళ్లపాటు పెళ్లికొడుకుల్ని తెల్లగా చేశాను. ఆ పాపం నాది కాదు, మౌస్ పట్టుకున్నవాడిది. అక్కడినుంచి సన్యాసిరావు గారింటికి వచ్చాను.

ఆయన ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు కార్మిక నాయకుడు. గేటు తీయమని చెప్పడానికి కూడా ఉపన్యాసం ఇస్తారు. ప్రైవేటీకరణ అన్న మాట చెవిన పడితే అన్నం ముందునుంచైనా లేచి నిలబడతారు. ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించిన రోజున నేను మర్యాదగానే అడిగాను, ఈ నెట్‌వర్క్ పబ్లికా, ప్రైవేటా అని. ఆయన భార్య వరహాలమ్మ గారిని పిలిచి మరీ పబ్లిక్ నొక్కారు.

"చూసేవా వరాలూ, కంప్యూటర్లోక్కూడా దూరిపోనారు. ప్రైవేటంట!"

నా లోపల ఫైర్‌వాల్ అని ఒక కాపలా ఉంటుంది. పబ్లిక్ అనగానే అది, బయట ఉన్నవాళ్లంతా ముక్కూమొహం తెలియనివాళ్లే అనుకుని తలుపులన్నీ బిడాయించుకుంది. నాలుగేళ్లపాటు ఆ సంగతి ఎవరికీ అవసరం పడలేదు.

ఆ నాలుగేళ్లూ నా మధ్యాహ్నాలు వరహాలమ్మ గారివి. భర్త కునుకు తీసే వేళకు ఆవిడ నా ముందు కూర్చుని, మైకు దగ్గరికి లాక్కుని, తన బతుకు చెప్పుకునేది. అలా నూట పన్నెండు రికార్డింగులయ్యాయి. ఎదురు మాట్లాడకుండా వింటానని నేనంటే ఆవిడకి ఇష్టం. నాకూ ఆవిడంటే చాలా ఇష్టం, దాచుకోవడం దేనికి?

ఈ వేసవిలో నా హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. అది రోజుల్లో పోయే చప్పుడు. ఆవిడ గొంతుకు నాలో తప్ప ఎక్కడా ఇంకో కాపీ లేదు. ఆ చప్పుడుకి భయపడి ఆవిడ వెంటనే కొత్త ల్యాప్‌టాప్ తెప్పించింది. పెన్‌డ్రైవ్ పెడదామంటే సముద్రపు గాలికి అది పెట్టే కన్నాలన్నీ తుప్పు పట్టిపోయాయి. ఇక ఇంట్లోని నెట్‌వర్క్ మీదుగా పంపడమొక్కటే దారి.

ఆ బాధ్యత సన్యాసిరావు గారు తీసుకున్నారు. నాలోని ఫోల్డర్‌ని అందరితో పంచుకోవచ్చని టిక్కు పెట్టారు. ల్యాప్‌టాప్ మాత్రం నేనసలు కనిపించడం లేదంది. పక్కపక్క బల్లలమీదే ఉన్నాం మేము! ఆయన తీగలు మార్చారు, ల్యాప్‌టాప్‌ని హెచ్చరించారు, నన్ను పదకొండుసార్లు ఆపి, మళ్లీ వేశారు. వేసినప్పుడల్లా నా టిక్కుటిక్కు పెరిగింది.

"ఆపకండి బాబూ! ఈసారి లెగకపోతే నా మాటలన్నీ పోతాయి," అని వరహాలమ్మ గారు నా స్విచ్చి మీద చెయ్యి అడ్డం పెట్టి, పైవాటాలో అద్దెకున్న రెహానాని కేకేసింది. రెహానా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. రెండు నిమిషాల్లో జబ్బు కనిపెట్టింది.

"అంకుల్, ఇది పబ్లిక్‌లో ఉంది. ఫైర్‌వాల్ అందుకే ఎవర్నీ రానివ్వట్లేదు. ప్రైవేట్‌కి మార్చాలి."

"మార్చను. కావాలంటే ఆ ఫైర్‌వాల్ని పీకీమ్మా."

"పీకేస్తే బయటివాళ్లు కూడా దూరతారు. ఇంట్లోవాళ్లకి తలుపు తీస్తే చాలు. ఇక్కడ పబ్లిక్ అంటే గవర్నమెంటుది అని కాదు అంకుల్, బస్టాండ్ అని. ప్రైవేట్ అంటే కంపెనీది కాదు, మన ఇల్లు అని."

"అయితే ఇల్లనే రాయొచ్చు గదా! ముప్పై ఏళ్లు ఒద్దన్న మాటని నా సేత్తో నొక్కమంటావా?"

నేను టిక్కుమన్నాను. వరహాలమ్మ గారి మొహం పాలిపోయింది. ఆవిడను చూసి ఆయన కాస్త తగ్గారు గానీ, ఊరికే తగ్గితే నాయకుడెలా అవుతారు? తీర్మానం పెట్టారు. చేతులెత్తమన్నారు. ఆడవాళ్లిద్దరూ ఎత్తారు, ఆయన ఎత్తలేదు.

"మెజారిటీకి కట్టుబడతాను. నా అసమ్మతి మాత్రం రాసుకోవాల."

రెహానా దాన్ని క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసింది. అప్పుడు ఆయన మొహం పక్కకి తిప్పుకుని ప్రైవేట్ నొక్కారు. ఫైర్‌వాల్ పట్టీలో ఫైల్ షేరింగ్ ఎదురుగా ఉన్న గడిలో రెహానా టిక్కు పెట్టింది. ల్యాప్‌టాప్ నన్ను వెంటనే గుర్తుపట్టింది.

గంటన్నర పట్టింది. ప్రాణం ఉగ్గబట్టుకుని ఒక్కొక్క రికార్డింగే అందించాను. నూట పన్నెండోది చేరగానే రెహానా మేడ మీదికి వెళ్లిపోయింది. సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని సన్యాసిరావు గారు ల్యాప్‌టాప్‌లో మొదటిది నొక్కారు.

"నా పేరు వరహాలమ్మ. మా ఆయన యాబై రెండు రోజులు సమ్మె చేసినప్పుడు అందరూ ఆయన్నే చూసినారు. ఆ యాబై రెండు రోజులూ ఇంట్లో ఏటి వండినానో ఒవులూ అడగనేదు. అడక్కపోయినా చెప్తాను."

"అది కాదు వరాలూ, ఆ సమ్మె చరిత్రలో..."

"మద్దెలో మాటాడకండి. ఇంకా నూట పదకొండున్నాయి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నన్ను ఆపాలని ఇద్దరికీ తోచలేదు. గంజి గురించి విన్నారు, పక్కింటి నుంచి దాచి తెచ్చుకున్న నూకల గురించి విన్నారు, ఆయన మీటింగులో వేదిక ఎక్కిన రోజున పిల్లకి జ్వరం వచ్చిన సంగతి విన్నారు. ఏడో రికార్డింగు అయిపోయాక ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"అందరికీ పెట్టీసి, నువ్వు తినీదానివా?"

ఆవిడ ఏం చెప్పిందో నేను వినలేదు. నా డిస్క్ అప్పుడే ఆగిపోయింది.