చోటు రాయని చీటీ

రోజూ పొద్దున్నే మ్యూజియంలో కినుయే చెక్క బీరువాలు తెరిచి, కాగితాలకు అతికించిన ఎండు ఫెర్న్ మొక్కల్ని ఒక్కొక్కటే తాకి చూస్తుంది. మొక్కను కోసుకొచ్చిన చోట వాన పడితే దాని కాగితం చెమ్మగిల్లుతుంది. బట్టలు ఆరేసుకోవచ్చా అని ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు కూడా.

ఆ రోజు ఆమె ఒక్క కాగితం దగ్గరే కూర్చుంది. యాభై ఏళ్ల కిందట తానే కోసిన ఫెర్న్. దానితో విడిగా ఉన్న చీటీ మీద తేదీ ఉంది, తన పేరుంది, చోటు లేదు. అప్పట్లో మొక్కను పాత దినపత్రికలో అదిమిపెట్టి, చోటు పేరు పత్రిక అంచున రాసుకునేవారు. చీటీలోకి ఎక్కించకముందే ఆ పత్రికతో ఆమె స్నానాల నీళ్ల పొయ్యి రాజేసింది.

కురొదాని లోయో, మినోకుబొ లోయో. గుర్తు రావడం లేదు. రేపు కురొదానిలో రోడ్డు కోసం కొండ తవ్వుతారు. తవ్వితే ఊట ఎండిపోతుంది, అక్కడే ఉండే తమ్ముడు తొకుజి వసాబి దుంపల మడులు పోతాయి. ఈ అరుదైన ఫెర్న్ అక్కడిదేనని ఐదింటిలోగా రోడ్ల ఆఫీసుకు రికార్డు పంపితే తవ్వకం ఆగుతుంది.

"కురొదాని అని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది కినుయే.

"మీకు తెలుస్తుంది," అన్నాడు రికార్డులు చూసే హమగుచి.

"నాకా! ఈమధ్య అన్నీ మర్చిపోతున్నా, ఇదీ మర్చిపోతాగా."

ఇద్దరూ నవ్వలేదు.

నాలుగున్నరకు కాగితం చెమ్మగిల్లింది. కినుయే ఫోన్ అందుకుంది.

"తమ్ముడూ, వాన పడుతోందా?"

"వానా? ఉప్పేసిన ఉమె కాయలు ఎండలో పెట్టానక్కా. చుక్క లేదు."

హమగుచి మినోకుబొ పోస్టాఫీసుకు ఫోన్ చేశాడు. లోయంతా కనిపిస్తోంది, మబ్బే లేదన్నారు.

"మరి ఇదెక్కడి వాన?" అన్నాడతను.

కినుయే తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసింది. "సెల్ పట్టుకుని ఊట దగ్గరికెళ్లు. పరిగెత్తు!"

"అంత పైకా? కాయలో?"

"పోతే పోనీ, వెళ్లు!"

ఆకు అంచున చుక్క నిలిచింది, జారింది. ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా ఫోన్ మోగింది. తొకుజి గొంతు కంటే ముందు వాన చప్పుడు వినిపించింది.

"కుండపోతక్కా! కింద ఎండ, ఇక్కడ ముద్దయిపోయాను!"

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఆమె పొడి చీటీ మీద రాసింది: కురొదాని, ఊట పైన. హమగుచి దాన్ని ఫ్యాక్స్ దగ్గరికి పట్టుకెళ్లి, తిరిగొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అందిందట. రేపు తవ్వరు."



"అక్కా, ఇంతకీ నన్ను పైకెందుకు పంపావ్?" అన్నాడు తొకుజి.

ఎందుకో కినుయేకు గుర్తు రాలేదు.

"ఉండు, చెబుతాను," అని చీటీ దగ్గరికి లాక్కుని, తన చేతిరాతను చదవడం మొదలుపెట్టింది.