మెయిన్‌లో కలవని పని

"చట్నీలో ఇన్ని పుట్నాలు ఎవురేసింది? గోడకు పూసే సున్నం మాదిరి ఉండాది," అంది జయమ్మ.

"నేనే అత్తా. కాసిన్ని నీళ్ళు పోసుకోండి."

"నీళ్ళు పోస్తే చట్నీ అయిపోతాదా? మళ్ళీ ఉప్పు, మళ్ళీ తిరగమాత..."

"ఈ పూటకి ఇడ్లీలే తినండి, నా తల తినకుండా!"

కోడలు మేఘన గొంతు లేవగానే ఆమె భర్త వినయ్ తన పళ్ళెం పట్టుకుని మెల్లగా హాల్లోకి జారుకున్నాడు.

మేఘన కోపం చట్నీ మీద కాదు. పాప కోసం మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరికాక చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఈ సాయంత్రానికి, అందరి పనీ చేరే కంపెనీ మెయిన్ కోడ్‌లో కలవాలి. కలిస్తేనే ఉద్యోగం ఖాయం.

వాళ్ళ టీములో ఎవరి పని వాళ్ళు మెయిన్ నుంచి తీసుకున్న సొంత నకల్లో, అంటే బ్రాంచ్‌లో, రాసుకుంటారు. రోజూ పొద్దున కూర్చోగానే, మెయిన్‌లో మిగతావాళ్ళు చేసిన మార్పుల్ని ముందు తమ బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటారు. మేఘన ఒకసారి అలా తెచ్చుకోగానే చక్కగా నడుస్తున్న తన కోడ్ ఆగిపోయింది. అప్పట్నుంచి భయం. ఈ ముక్క అయ్యాక తెద్దాం, ఆ ముక్క అయ్యాక తెద్దాం అనుకుంటూ నెలలు గడిపేసింది.

ఇవాళ కలపబోతే స్క్రీన్ నిండా తగాదాలే. ఒకే లైనును తను ఒకలా, టీములోని నాగరాజు ఇంకోలా మార్చి ఉన్నారు. ఏది ఉంచాలో కొన్నిచోట్ల ఓపిగ్గా చూసింది. తరువాత విసుగొచ్చి మిగతా అన్నిచోట్లా తన లైన్లే ఉంచేసి నాగరాజుకి తనిఖీకి పంపింది.

మధ్యాహ్నం నాగరాజు ఫోన్ చేశాడు.

"బిల్లులు లెక్కగట్టే కోడ్‌లో తప్పులన్నీ నేను సరిచేసింటిని కదమ్మా. నీ బ్రాంచ్‌లో మళ్ళీ పాతవే ఉండాయి. చూసుకోకుండా కలిపింటే నా పని గోవిందా!"

"మళ్ళీ కలుపుతాను నాగరాజు."

"ఏం కలుపుతావు? నువ్వు దేని మీద కట్టినావో ఆ ఫైలునే ఎప్పుడో తీసేసినాము. చూడ్లేదా?"

చూడలేదు.

సాయంత్రం దాకా ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. ఒకచోట సర్దితే ఇంకోచోట తెగింది. తను రాసిన ప్రతి లైనూ రాసిన రోజున సరైనదే. అదే ఆమెకు మింగుడు పడలేదు.

భోజనాల దగ్గర జయమ్మ రాగిముద్దలు వడ్డించింది. "అయిందా నీ పని?" అడిగాడు వినయ్.

"లేదు. రేపు మా టీమ్ లీడ్‌కి చెప్పేస్తున్నా, నా బ్రాంచ్ తీసేయమని. మెయిన్ మీద నాగరాజు కొత్తగా రాస్తాడు."

జయమ్మ చెయ్యి సారు గిన్నె మీదే ఆగింది. "అట్లయితే ఉద్యోగమమ్మా?"

"ఉండదత్తా. ఆ మాట కూడా నేనే చెప్పేస్తాను. వాళ్ళు చెప్పేదాకా ఆగను."