బక్రీదు కొవ్వు

కాలేషా లేతు మిషనుకు తుప్పు పట్టించింది నేనేనని నరసరావుపేటలో అందరూ అంటారు. జిన్నింగు మిల్లు ఫిట్టర్ల దగ్గర్నుంచి పొగాకు బండ్లు తోలేవాళ్ళ దాకా అదే మాట. అననీ. నోరు నాకూ ఉంది. కానీ దానికి తాళం వేసినవాడు మట్టిలో ఉన్నాడు.

కాలేషా దగ్గర నేను పదకొండేళ్ళు పని చేశాను. వినుకొండ రోడ్డులో రేకుల షెడ్డు, అందులో మద్రాసు నుంచి తెచ్చిన పాత లేతు. ఆయిలింజన్ల సామానూ, శివరాత్రికి కోటప్పకొండ పోయే ప్రభల బండ్ల ఇరుసులూ దాని మీదే సాపు చేసేవాళ్ళం. దాని బెడ్డు, అంటే పనిముట్టు జారే పొడుగు పీట, పోత ఇనుము. తడి తగిలితే ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. అందుకని కాలేషా ఏటా బక్రీదుకు వీధిలో నాలుగిళ్ళ కుర్బానీ కొవ్వు అడిగి తెచ్చి, తనే కాచి, వడకట్టి కుండలో దాచేవాడు. వానాకాలం మాకు పని ఉండదు. తొలకరికి ముందు ఆ కొవ్వు బెడ్డుకు దట్టంగా పూసి కప్పేస్తే మళ్ళీ కార్తీకం దాకా చింత లేదు.

నలభై నాలుగులో కాలేషాకు క్షయ అన్నారు. మదనపల్లె వైపు ఆసుపత్రికి పోతూ నా భుజం పట్టుకున్నాడు.

"ఆరోగ్యసామీ, బక్రీదు కొవ్వు ఈసారి మీ వదిన కాచిద్ది. వానలకు ముందు పూసి కప్పెయ్. నేనొచ్చిందాకా తుడవమాక. ఆ బెడ్డు బాగుంటే నేను లేచి కూర్చుంటా. అది పోతే నా పనీ అయిపోయినట్టే."

యుద్ధం రోజులు. అది పాడైతే ఇంకోటి దొరకదు, దొరికినా కొనే తాహతు లేదు.

ఆయన భార్య హజ్రా బీ కుండ నిండా కొవ్వు ఇచ్చింది. పూస్తుంటే వేలికి ఇసకలా గరగరలాడింది. సరిగ్గా వడకట్టలేదేమో అనుకున్నాను. వదిన కాచినదానికి వంక పెట్టడానికి నేనెవర్ని? ఒక్క మాట అడిగితే పోయేదానికి మొహమాటపడ్డాను. నా పాపం ఏదైనా ఉంటే అదే.

మరుసటేడు కార్తీకంలో కాలేషా తిరిగొచ్చాడు. మనిషి ఎముకల పోగు. ఇంటికి కూడా పోకుండా హజ్రా బీ భుజం ఆసరాతో నేరుగా షెడ్డుకొచ్చాడు. నేను గుడ్డ తీశాను. కొవ్వు ఇటుక రంగుకు తిరిగి ఉంది. ఆయన అరచేత్తో జానెడు మేర తుడిచాడు. కింద ఇనుము మశూచి పోసిన ముఖంలా గుంటలు పడి ఉంది.

ఆయన వేలికంటిన కొవ్వును నాలుక మీద పెట్టుకున్నాడు. ఒక్కసారి భార్య వైపు చూశాడు. తర్వాత నా మీదికి తిరిగి అరిచాడు.

"ఏందిరా సామీ! వానలన్నీ పడ్డాక పూశావా? నమ్మి అప్పజెబితే ఇదా నీ నిర్వాకం?"

కోపం నషాళానికంటింది. నోరు తెరవబోతుంటే ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఊరుకున్నాను. హజ్రా బీ ఊరుకోలేదు. "నీ చేతులు పడిపోను! ఆయన పానమంతా దాని మీదే పెట్టుకున్నాడు గదరా!" అంటూ నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆమె ఇంటికి పోయాక చెప్పాడు.

"ఉప్పు, సామీ. ఎండబెట్టే మాంసానికి వేసినట్టు కొవ్వులో కూడా వేసింది, చెడిపోకుండా ఉంటదని. వెయ్యొద్దని నేనెన్నడూ చెప్పలా. ఎప్పుడూ నేనే కాసేవాణ్ణి గదా."

"మరి నన్నెందుకు తిట్టావు భాయ్?"

"నేను చానా రోజులు ఉండను. మొగుడి బతుకు తన చేత్తోనే చెడగొట్టానని అది జీవితమంతా కుమలాలా? నువ్వు మొయ్యి. ఇక మీదట ఆమె ఇచ్చిన కొవ్వు నీళ్ళలో మరిగించి వాడు. ఉప్పు నీళ్ళలోకి దిగిద్ది."

మర్నాటి నుంచి ఇద్దరం తుప్పు వదిలించడానికి కూర్చున్నాం. రేషను కిరసనాయిలు దీపాలకు లేకుండా బెడ్డుకే పోశాం. ఇటుక పొడి చల్లి గోనెపట్టాతో రుద్దేవాళ్ళం. నువ్వొద్దు భాయ్ అంటే వినేవాడు కాదు. ఎర్ర పొడి పీల్చి పీల్చి దగ్గేవాడు. తొమ్మిదో రోజు దగ్గు తెరలో నెత్తురొచ్చి బెడ్డు మీద పడింది. పట్టుకోబోతే నన్ను నెట్టేశాడు.

"నన్ను కాదురా, దాన్ని తుడువు. తుప్పు పట్టిద్ది."

నాలుగు రోజులకు పోయాడు.

తుప్పు పోయింది గానీ గుంటలు పోలేదు. ఇప్పుడా లేతు మోటు పనులకు తప్ప పనికిరాదు. ఆ మోటు పనుల మీదే ఆమె ఇల్లూ నా ఇల్లూ గడుస్తున్నాయి. హజ్రా బీ నా ముఖం చూసి మాట్లాడదు. బక్రీదు వెళ్ళిన మర్నాడు కుండ తెచ్చి గడప మీద పెడుతుంది. "ఈసారన్నా వేళకు పూస్తే బాగుంటది" అని గోడతో చెప్పి పోతుంది.

ఆమె సందు మలుపు తిరిగిందాకా ఆగి, ఆ కొవ్వును నీళ్ళలో వేసి మరిగిస్తాను. చల్లారాక పైన గడ్డకట్టినదాన్ని తీసి, కొత్త నీళ్ళలో మళ్ళీ మరిగిస్తాను. మూడుసార్లయ్యాక నాలుక మీద పెట్టుకుని చూస్తాను. చప్పగా ఉంటేనే కుండకెత్తుతాను.

వానలు వెళ్ళాక ఆమె వచ్చి గుడ్డ ఎత్తి, బెడ్డును వేలితో తుడిచి చూస్తుంది. కొత్త తుప్పు చుక్క కూడా ఉండదు. ఇప్పటికి మూడేళ్ళుగా చూస్తోంది. చూసిన ప్రతిసారీ నా నేరం ఆమెకు ఇంకా రూఢి అవుతుంది.

"పూస్తే ఉండదా మరి ఇట్లా? ఆనాడు పూసుంటే ఆయన బతికేవోడు."

అవును వదినా అంటాను.