స్కానర్ మొగాన బొట్టు

మా బావమరిది నంజుండప్ప భక్తే నన్ను ముంచింది. కె.ఆర్.పురంలో పెద్ద మ్యాపులు స్కాన్ చేసే అంగడి మాది. ఆయుధపూజ అయిన మరునాడే, నెలల తరబడి తిరిగితే దొరికిన బిల్డర్ తన మ్యాపులు పంపాడు. స్కాన్ చేస్తే ప్రతిదాని మీదా నిలువునా ఒక గీత పడింది.

"మ్యాపులోనే ఉండాదేమో బావా," అన్నాడు నంజుండప్ప.

మ్యాపు తిప్పి పెట్టాను. గీత చోటు మారలేదు. అంటే తప్పు మిషన్‌దే. రోలర్లు తుడిచినా పోలేదు. బిల్డర్ మనిషి విసుక్కుని మ్యాపులు చుట్టుకుని పోయాడు.

చివరికి మూత ఎత్తితే, లోపలి గాజు మీద ఎండిన కుంకుమ బొట్టు. మ్యాపు దాని మీదుగా జరిగేకొద్దీ ఆ బొట్టే గీతగా పడుతోంది.

"గాజుకు కూడా పెట్టినావా అప్పా?"

"దాని మొగం అదే కదా బావా. మొగానికి కాక బొట్టు ఇంకెక్కడ పెడతారు?"

తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయింది. అప్పటికే పద్దెనిమిది వేల ఆరు వందల రూపాయల పని చేజారింది.