దుష్టుడు లేని చిత్రం

దర్శకుడు గారి సంకల్పం సామాన్యమైనది కాదు. పిల్లల టెలిచిత్రాలన్నింటినీ పట్టి పీడిస్తున్న దుష్టపాత్రను ఆయన తన చిత్రం నుంచి సమూలంగా బహిష్కరించారు. ఒక పాప, ఒక మాయామృగం, ఆ ఇద్దరి స్నేహం. లోకోద్ధరణకు అంతకు మించి అక్కర్లేదని ఆయన సిద్ధాంతం.

తీరా ఆ స్నేహమే కుదరలేదు. పచ్చటి బొచ్చూ పళ్లేలంతేసి కళ్లూ ఉన్న ఆ మృగం కనబడితే చాలు, పాప వాళ్లమ్మ వెనక నక్కేది. ఇవాళ కౌగిలింత దృశ్యం పూర్తికాకపోతే సెలవుల ప్రసారంలో ఈ చిత్రానికి చోటు లేదని తేల్చేసిన ఛానెల్ మేడమ్, సెట్లోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

మృగం లోపలున్న భారీకాయుణ్ణి అందరూ గున్న అంటారు. అతడికి లోకం కనిపించేది మృగం నోట్లోంచే.

"నోరు మూయవయ్యా గున్నా! మాయామృగమా, ఆవులించే గేదెవా?"

"మూస్తే నాకేం కనబడదు సార్."

"ప్రేమకి కళ్లెందుకు? దొరికినదాన్ని గట్టిగా హత్తుకో. నేను కట్ అనేదాకా వదిలావో, వేషం పోయినట్టే!"

ఆ సెట్లో కట్ అనే మాట ఆయన సొంత ఆస్తి. ఇంకెవరైనా పలికితే ఆ పూటే ఇంటిదారి పట్టాలి.

కెమెరా నడిచింది. పాప కదల్లేదు. దర్శకుడు గారు మృగానికి ఎదురెళ్లి, చేతులు బార్లా చాపి, "ఇలాగమ్మా! రా, గున్నా, రా!" అన్నారు.

నోరు మూసుకున్న మృగం ఆ గొంతు వచ్చిన దిక్కుకే నడిచి, దొరికినదాన్ని హత్తుకుంది. దర్శకుడు గారి ముఖం బొచ్చులో కూరుకుపోయింది. ఆయన కాళ్లు కొట్టుకున్నాయి, ఏదో మూలిగారు కూడా. కానీ అది కట్ కాదు. కెమెరామన్ క్రమశిక్షణ గల మనిషి, తిప్పుతూనే ఉన్నాడు.

పాప పకపకా నవ్వింది. పరుగెత్తుకొచ్చి మృగం కాలు వాటేసుకుంది.

"ఇంకా గట్టిగా నొక్కు! రోజూ నన్ను కసురుతాడు. ఇవాళ్టి నుంచి నువ్వూ నేనూ జట్టు!"

మేకప్ అక్క నోటికి దూది అడ్డం పెట్టుకుంది. మేడమ్ లేచి చప్పట్లు కొట్టారు.

"అద్భుతం! ఇదే ముగింపు. సెలవుల్లో వేసేద్దాం. ఇంత మంచి విలన్‌ని పెట్టుకుని ఒక్క ముక్కైనా చెప్పలేదేం సార్?"

ఎట్టకేలకు ఊపిరాడిన దర్శకుడు గారు "కట్" అన్నారు. నోట్లో బొచ్చు ఉమ్మి, చొక్కా సవరించుకుని, గంభీరంగా గొంతు సర్దుకున్నారు.

"సస్పెన్స్ మేడమ్."