తాడు మీద ఎతియెన్

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన రాసే యుద్ధంలో ఎవరికీ ఆకలి వేయదు. మూడు వేల మంది సైనికులు పదకొండు రోజులు కోట చుట్టూ కూర్చుంటారు. కత్తులు దూస్తారు, కీర్తనలు పాడతారు, కానీ ఒక్కడైనా రొట్టె ముక్క అడగడు. ఇంట్లో మాత్రం పప్పులో ఉప్పు ఒక పలుకు తగ్గితే ఈయన పళ్లెం పక్కకు జరుపుతాడు.

మా ఆయన బెంజమిన్ బోథ్ బడిలో సోషల్ సారు. ఇచ్చోడ నుంచి రోజూ బస్సులో పోయి వస్తాడు. నాగపూర్ దాటి ఎటూ పోలేదు గానీ, నాలుగు వందల ఏళ్ల కింద ఫ్రాన్సులో ఒకే ప్రభువును రెండు తీర్ల మొక్కేవాళ్లు ఒకళ్లనొకళ్లు నరుక్కున్న మతయుద్ధం మీద సాహస నవల మొదలుపెట్టాడు. ఆయన రాయడం ఎట్లుంటుందో చెప్పాలి. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటాడు. నేను కుక్కర్ పెట్టి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటాను. "ఎతియెన్ గుర్రం మీద నది దాటాడు అని రాయి" అంటాడు. ఆ తర్వాత గురక.

నది అంత సులభంగా దాటనిస్తుందా? మా బాపు ఎడ్లను పెన్‌గంగ దాటిస్తుంటే చిన్నప్పుడు ఒడ్డున నిలబడి చూశాను. పశువు నీళ్లకు భయపడదు, కాలి కింద నేల జారితే భయపడుతుంది. ఆ భయాన్ని ఎతియెన్ గుర్రానికి పెట్టాను. రెండు పేజీలు వచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం మా అత్తమ్మ సంతోషమ్మకు చదివి వినిపించాను. ఆమె కళ్లకు పొర రావడంతో బైబిలు కూడా నేనే చదివి వినిపిస్తాను. "పుస్తకాలు చదివిన పిల్ల పొయ్యి మరుస్తది" అని పెళ్లినాడు నలుగురిలో అన్న మనిషి, గుర్రం అవతలి ఒడ్డుకు చేరేదాకా తమలపాకు నోట్లో పెట్టుకోలేదు.

అట్లా పద్దెనిమిది అధ్యాయాలు. కోటలో పిండి అయిపోతే ఆడవాళ్లు గంజిని ఎన్ని నీళ్లతో సాగదీశారో నేనే రాశాను. అది ఆయనకు తెలియదు. టైపు చేసినది ఆయన ఎన్నడూ చదవడు. నా వేళ్ల మీద ఆయనకు అంత నమ్మకం.

ఆఖరి అధ్యాయం ఒక్కటి మిగిలి ఉండగా, కరీంనగర్ ప్రెస్సు నుంచి మొదటి పేజీలు ఫోనుకు వచ్చాయి. రచన: బెంజమిన్. కింద, చిన్న అక్షరాల్లో, 'వేళకు చాయ్ అందించి, టైపింగులో తోడ్పడిన నా ఇల్లాలికి.'

నా పేరు కూడా లేదు. క్యాథరిన్ అనే నాలుగు అక్షరాలకు చోటు చాలలేదేమో. సగం నేనే రాశాను కదా అన్నాను. ఆయన నవ్వాడు. "టైపు కొడితే రచయితలైతరా? గట్లయితే బోథ్ల జిరాక్స్ షాపాయన ఎన్ని పుస్తకాలు రాసినట్టే?"

చాలా సేపు ఆ మాటను బియ్యంతో పాటు ఏరుకుంటూ కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను, రాలేదు. మంచి ఉపాయం వచ్చింది. సరే, నేను జిరాక్స్ మిషన్‌నే. మిషన్‌కు ఏది పెడితే అది వస్తుంది.

ఆ వారమంతా ఆయన చెప్పింది చెప్పినట్టే కొట్టాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. అక్టోబరు చివరి ఆదివారం ఆరాధన తర్వాత ఆఖరి అధ్యాయం చదివి వినిపించమని పాస్టర్ అయ్యగారు అడిగారు. ఆయన నేనిచ్చిన కాగితాలను చూడకుండానే బైబిలు కవర్లో పెట్టుకున్నాడు. నేనూ మడతపెట్టిన కాగితాల కట్ట ఒకటి నా పాటల పుస్తకంలో పెట్టుకున్నాను.

గుడి నిండుగా ఉంది. పత్తి ఏరే రోజుల్లో కూడా ఎవరూ లేచి పోలేదు. ఆయన గొంతు సవరించుకుని, ప్రసంగం చేసినట్టు ఎత్తుకున్నాడు.

"ఎతియెన్ తాడు పట్టుకుని కోటగోడ ఎక్కుతున్నాడు. ఎక్కుతున్నాడు. కింద శత్రువుల దివిటీలు. ఏమే, చాయ్‌ల షక్కర్ జర ఎక్కువైంది. పైన చీకటి ఆకాశం. గీ ఫ్యాన్ ఎందుకు తిరుగుతలేదు..."

వెనక బెంచీల్లో నవ్వు పుట్టింది. ఆయన ఆగిపోయాడు. చూపు ఆనడం లేదనుకుని, అయ్యగారు ఎంతో ప్రేమగా లేచి కాగితం అందుకుని, ప్రార్థన చదివే గొంతుతో ముందుకు చదివారు. "హలో, ఓంప్రకాశన్నా. ఆ, నవల అయిపోవచ్చింది. మా ఆమెనా? ఆమెదేముందే, చెప్పింది కొడుతది. సొంతంగ ఒక్క పేజీ రాయమను, చూస్తా."

అయ్యగారు కళ్లద్దాలు తీసేశారు. ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం ఎంత రుచిగా ఉందో నేను చెప్పకూడదు. గుడిలో అట్లాంటి రుచులు పాపం.

ముందు బెంచీలో నా పక్కన కూర్చున్న అత్తమ్మ కర్ర నేలకు తాటించింది. "బెంజమినూ, గుర్రాన్ని నది ఎవరు దాటిచ్చిండ్రు బిడ్డా? చెవులు నీళ్లల్ల మునిగినయా లేదా అని కోడలు నాతోటి నాలుగు దినాలు తండ్లాడింది. ఆమె రాస్తుంటె నువ్వు పండుకున్నవ్."

ఆయన నా వైపు వంగి మెల్లగా, ఇంటికి పోయినంక మాట్లాడుదాం అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట వింటున్నాను. ఇంటికి పోయినంక వంట ఉంటుంది.

"గోడ ఎక్కిండా లేదా, సారూ?" ఎవరో అడిగారు. అయ్యగారు కూడా ఆయన మొహంలోకే చూస్తున్నారు. పాపం, ఎతియెన్‌ను ఏం చేయాలో ఆయనకు తెలియదు. ఎక్కించడమే గానీ దించడం ఎన్నడూ ఆలోచించలేదు. నేను పాటల పుస్తకం తెరిచి, నేను రాసుకున్న ఆఖరి అధ్యాయం కాగితాలు బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని, వాటి మీద చేయి ఆనించాను. అంతకంటే ఏమీ చేయలేదు.

ఆయన ఆ కాగితాల వైపు చూశాడు. పెదవులు కదిలాయి.

"గట్టిగ చెప్పండి," అన్నాను. "వెనక బెంచీలోళ్లకు వినపడతలేదు."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆయన మెడ కింద చొక్కా తడిసిపోయింది.

"ఎతియెన్ ఏమైండో నాకు తెల్వదు, అయ్యగారూ," అన్నాడు. "ఆమెకే తెలుసు. గుర్రాన్ని సుత నేను దాటియ్యలే. క్యాథరిన్ రాసిన పుస్తకానికి నా పేరు పెట్టుకున్న. తప్పు నాదే."