బొట్టుబిళ్ళ దాటిన గోళీ

గురునాథరావు చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బుల్లి యంత్రం ఉంటుంది. వేలికి తగిలిస్తే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. కళ్ళజోడు మరిచిపోయి బజారుకి వెళ్ళిన రోజులున్నాయి గానీ, అది మరిచిపోయిన రోజు లేదు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఆక్సిజన్ తయారయ్యే చోటే పనిచేసి రిటైరైన మనిషి. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో ఎక్కడెక్కడి ఊళ్ళకో వెళ్ళే ట్యాంకర్లు అతని చేతుల మీదుగానే నిండాయి. ఆ నెలలోనే అతని భార్య రోజారమణి, మంచం దొరక్క, ఒక ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చునే పోయింది. అప్పుడు ఆమె వేలికి ఉన్నది ఈ యంత్రమే. ఎనభై రెండు, డెబ్భై ఆరు, అరవై ఎనిమిది. అలా మెట్టు మెట్టుగా దిగడం కళ్ళారా చూసినవాడికి తొంభై అన్నా చావే కనిపిస్తుంది. ఆ భయాన్ని తప్పనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అతని చెల్లెలు ధనలక్ష్మి మొగుడు జగ్గారావు అదే ప్లాంటులో కాంట్రాక్టు మనిషి. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పాతికేళ్ళు చేశాడు. డ్యూటీలో పొగ చాలనట్టు, డ్యూటీ దిగాక బీడీ. చివరికి ఊపిరితిత్తులు ఎలా తయారయ్యాయంటే, పీల్చిన గాలి బయటికి రావడమే గగనమైపోయింది. కడుపునిండా తింటే పొట్ట పైకి తన్ని ఊపిరాడదని, గ్లాసెడు గంజి నాలుగుసార్లుగా తాగేవాడు. పోయిన వారం ఆసుపత్రి నుంచి కూర్మన్నపాలెంలోని ఇంటికి సిలిండర్‌తో సహా పంపించారు.

పంపించేటప్పుడు డాక్టర్ నిఖిత ధనలక్ష్మికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "లీటరు మించి పెట్టకండమ్మా. అంకె ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ మధ్య ఉంటే ఆయనకి చాలు. ఎక్కువిస్తే ప్రమాదం." సిలిండర్ మీద గాజు గొట్టం, అందులో ఎంత గాలి వెళుతోందో చూపించే గోళీ. గీతల పక్కన అంకెలు మరీ సన్నంగా ఉండి ధనలక్ష్మికి ఆనవు. అందుకని ఇంటికి రాగానే తన నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి సరిగ్గా ఒకటి దగ్గర అంటించింది. గోళీ బొట్టు దాటకూడదు. అంతే లెక్క.

గురునాథరావుకి మాత్రం ఆ లెక్క మింగుడు పడలేదు. ఆక్సిజన్ ఎక్కువైతే ప్రమాదమా? నిన్న మొన్న చదువు పూర్తిచేసిన పిల్ల చెబితే, ముప్పై ఏళ్ళు దాని మధ్య బతికిన తను నమ్మాలా?

మంగళవారం పొద్దున్న ధనలక్ష్మి మందులకని ఆసుపత్రికి బయల్దేరుతూ అన్నని తోడు కూర్చోబెట్టింది.

"అన్నియ్యా, పదకొండింటికల్లా వచ్చీత్తాను. గోళీ జోలికి మాత్రం ఎల్లకు. బొట్టు దగ్గరే ఉండాల."

"సిలిండర్ గురించి నాకు సెప్తన్నావేటే? ఎల్లిరా ముందు."

ఆమె అటు వెళ్ళగానే యంత్రం తీసి బావ వేలికి తగిలించాడు. ఎనభై తొమ్మిది. జగ్గారావు గోడకి ఆనుకుని, పొయ్యి ఊదుతున్నట్టు పెదాలు సున్నా చుట్టి గాలి వదులుతున్నాడు. ఒక్కో ఊపిరికీ భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. అంకె ఎనభై ఎనిమిదికి వచ్చింది. గురునాథరావు కళ్ళకి మంచం మీద బావ కనిపించడం మానేశాడు, బల్ల మీద రోజారమణి కూర్చుని ఉంది.

"ఎనబై ఎనిమిదుంది బావా!"

"ఉండనీ బావా. నాకిది... మామూలే."

"మామూలేటి? రమణికీ ఇలాగే అనుకున్నాం."

లేచి కీ తిప్పాడు. గోళీ బొట్టుబిళ్ళ దాటింది, రెండు దాటింది, ఐదు దగ్గరికెళ్ళి ఆగింది.

"ఒద్దు బావా. ఒకటి సాలన్నాది డాక్టరమ్మ. లచ్చిమి తిడతాది."

"దానికేటి తెల్సు? ఈ గాలి నింపినోడ్ని నాను. నువ్వు ఊరుకో."

ఆయాసంతో ఉన్నవాడు ఎంతసేపని వాదిస్తాడు? జగ్గారావు ఊరుకున్నాడు. అంకె తొంభై మూడయింది, తొంభై ఆరయింది, తొంభై ఎనిమిది దగ్గర నిలబడింది. కాసేపటికి భుజాలు దిగాయి, బుగ్గలు ఎర్రబడ్డాయి. తల నొప్పిగా ఉందన్నాడు జగ్గారావు. నిద్ర చాలక అని సర్ది చెప్పి, తలకింద దిండు సవరించాడు గురునాథరావు. పది నిమిషాల్లో జగ్గారావు నిద్రలోకి జారుకున్నాడు.

గురునాథరావుకి ఏడుపొచ్చింది. నాలుగేళ్ళ తరవాత వచ్చిన సంతోషపు ఏడుపు. ఊళ్ళన్నిటికీ పంపి సొంత పెళ్ళానికి ఇవ్వలేకపోయిన గాలి, ఇవాళ బావకైనా ఇవ్వగలిగాడు. పది నిమిషాలకోసారి అంకె చూశాడు. తొంభై ఎనిమిది. మళ్ళీ చూశాడు. తొంభై ఎనిమిదే. వీధిలో కూరగాయల బండివాడు అరుస్తుంటే లేచి వెళ్ళి, మనిషి నిద్రపోతున్నాడని కసిరి మరీ పంపించేశాడు.

ధనలక్ష్మి వస్తూనే చూసింది మొగుణ్ణి కాదు, గొట్టాన్ని.

"ఓలమ్మో! ఎవులు తిప్పినారిది?"

"నానే. ఎంత బాగా నిద్దరోతన్నాడో సూడు. తొంబై ఎనిమిదుందే!" అంటూ యంత్రం తగిలించి ఉన్న బావ చెయ్యెత్తి చూపించబోయాడు. ఆమె గోళీని బొట్టు దగ్గరికి దించేసి, మొగుడి భుజాలు పట్టుకుని ఊపింది, చెంపల మీద కొట్టింది. జగ్గారావు కళ్ళు తెరవలేదు. ఒళ్ళు వెచ్చగా చెమటతో తడిసి ఉంది. ఊపిరి ఎప్పుడో గుర్తొచ్చినట్టు ఒకటీ అరా వస్తోంది.

అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తపరీక్ష చూసిన నిఖిత గొంతులో గొట్టం వేయించి, మెషిన్ పెట్టించి, బయటికొచ్చింది.

"రక్తంలో యాసిడ్ బాగా పెరిగిపోయిందండీ."

"యాసిడ్ ఉండాల్సింది కడుపులో కదా మేడం? నెత్తురులోకి ఎలగొచ్చింది?" అన్నాడు గురునాథరావు.

"ఆ యాసిడ్ వేరండీ. తిన్న ప్రతి ముద్దా అరిగి ఒంట్లో కాలుతుంది. దాని పొగ ఊపిరితో బయటికి పోవాలి. పోలేకపోతే రక్తంలో యాసిడ్‌గా మారుతుంది. మెల్లమెల్లగా పెరిగితే కిడ్నీలు సర్దుతాయి. ఆయన ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చారు. కానీ వాటికి రోజులు పడుతుంది, గంటల్లో అవదు. ఇలాంటి ఊపిరితిత్తులకి ఆక్సిజన్ ఒక్కసారి ఎక్కువిస్తే పొగ లోపలే పేరుకుపోతుంది. మత్తు కమ్మేస్తుంది."

"కానీ... అంకె తొంబై ఎనిమిదుంది మేడం."

"అది ఆక్సిజన్‌నే చూపిస్తుంది. పొగని చూపించదు. మీరు చూసింది నిద్ర కాదండీ."

మెషిన్ మూడు రోజులు ఊపిరి పోసింది. తీసి చూద్దామంటే సొంతంగా ఊపిరి లాగే సత్తువ ఆ ఊపిరితిత్తుల్లో మిగల్లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం గుండె ఆగింది. కాసేపటి ముందు వరకూ తెరమీద అంకె తొంభైకి తగ్గలేదని గురునాథరావుకి తెలుసు. అద్దంలోంచి అదే చూస్తూ నిలబడ్డాడు మరి.

వరండాలో బెంచీ మీద ధనలక్ష్మి చాలాసేపు ఏడవకుండా కూర్చుంది. తరవాత తలెత్తకుండానే అడిగింది.

"అన్నియ్యా, నువ్వు తిప్పినప్పుడు ఆయనకి మెలకువుందా?"

"ఉంది."

"మరి ఒద్దననేదా?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. ఒద్దన్నాడనీ, డాక్టరమ్మ మాట చెప్పాడనీ, నీ పేరూ ఎత్తాడనీ. అది చెబితే ఈ జన్మలో చెల్లెలు తన గుమ్మం తొక్కదు. రోజారమణి పోయాక తనకి మిగిలింది ఆ ఒక్క గుమ్మమే.

"అననేదమ్మా," అన్నాడు.

ధనలక్ష్మి ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. నుదురు కొట్టుకుంది.

"ఆయనకి ఎన్నిసార్లు సెప్పినాను! బొట్టు దాటనీకు, ఎవులొచ్చినా దాటనీకు అనీసి. ఒక్క మాట... ఒక్క మాట ఒద్దంటే ఏటి పోయింది? సేతులారా పోయేడు. నన్నిలా వొగ్గీసి సేతులారా పోయేడు!"

పోయినవాణ్ణి తిడుతూ అప్పుడు ఏడ్చింది, వరండా అంతా తిరిగి చూసేలా. గురునాథరావు ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. కాదని చెప్పడానికి ఇంకా సమయం ఉంది. అతను చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోమ్మా," అన్నాడు.